మా ఊరి ఆఖరి సైలెన్సర్

ఈ వయసులో నేను క్రూజర్ బండి కొన్నానంటే తప్పంతా మా ఆవిడదే. ఆవిడని అడిగితే తప్పంతా నాదేనంటుంది. ఇద్దరం చెప్పేదీ నిజమే.

పెళ్లయిన కొత్తలో నాకో పాత స్కూటర్ ఉండేది. హైమావతి వెనక సీటు మీద ఒక పక్కగా కూర్చుని ఏదో మాట్లాడుతూనే ఉండేది. ఆ స్కూటర్ చేసే రొదలో నాకొక్క ముక్క వినబడేది కాదు. వినబడలేదంటే మళ్లీ మొదటినుంచి అందుకుంటుందని భయపడి ప్రతిదానికీ "ఆఁ... ఆఁ..." అంటూ పోయేవాణ్ణి. అలా వినకుండా నేను ఒప్పుకున్నవాటిలో, బండి మీద మారేడుమిల్లి ఘాటు రోడ్డు ఎక్కిస్తానన్నది ఒకటి. వానలు మొదలై కొండలు పచ్చబడ్డ వార్త పేపర్లో రాగానే, "మీరే కదండీ ఆఁ అన్నారు?" అని ఆవిడ ఏటా నాకు గుర్తుచేస్తుంది. మా స్కూటర్ రైలు గేటు దగ్గర ఎత్తు ఎక్కడానికే ఆయాసపడేది. ఇంక కొండలేం ఎక్కుతుంది?

ఈమధ్య మా అమ్మాయి విశాఖపట్నం హాస్టల్లో చేరింది. నా కళ్లద్దాల దుకాణం కూడా నేను ఒక రోజు మూసినంత మాత్రాన మునిగిపోని స్థితికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక కాంట్రాక్టరు గారబ్బాయికి పెళ్లి కుదిరి, పిల్లవైపు వాళ్లు బండి వద్దన్నారని తన క్రూజర్ అమ్మకానికి పెట్టాడు. పల్లంగా ఉండే సీటు, చేతులు చాచి పట్టుకునే హ్యాండిలు, నల్లటి పెద్ద ట్యాంకు. చూడగానే మనసు పారేసుకుని కొనేశాను. చూసినప్పుడు అది ఆగి ఉంది. అక్కడే దెబ్బతిన్నాను.

ఆ కుర్రాడు దానికి బిగించిన సైలెన్సర్ సంగతి బండి స్టార్ట్ చేశాక గానీ తెలియలేదు. నేను మా వీధిలోకి వచ్చేసరికి ఎదురింటి వాళ్ల గూట్లో స్టీలు గ్లాసులు వరసగా కింద పడ్డాయి. మా వీధి కుక్కలు మొరగడం కూడా మరిచిపోయి పక్క వీధికి మకాం మార్చేశాయి. హైమావతి గుమ్మంలో నిలబడి, నేను ఇంజను ఆపేదాకా చెవులు మూసుకుని, ఆపాక అడిగింది.

"దీని మీద నేను మీ వెనక కూర్చుని మాట్లాడినా, ఇంట్లో కూర్చుని మాట్లాడినా ఒకటే కదండీ?"

"సైలెన్సర్ మార్పిస్తాలే," అన్నాను.

"నేనూ వస్తాను. నాకు రెండే కోరికలు. వెనక కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడితే మీకు వినబడాలి. మీరు దుకాణం నుంచి వస్తుంటే వీధి మలుపులో నాకు తెలియాలి. అట్టు పెనం మీద వెయ్యాలి కదా!"

కొత్త సైలెన్సర్ ఎంచుకోవడానికి ఇంతకంటే పద్ధతైన ప్రమాణాలు నేను ఎక్కడా వినలేదు.

ఖలీల్ భాయ్ షాపు కప్పుకి సైలెన్సర్లు ఆనపకాయల్లా వేలాడుతుంటాయి. పొట్టివి, పొడుగువి, మూతి విచ్చుకున్నవి, వెండి పూతవి, నల్లవి. మమ్మల్ని చూసి ఆయన ఉత్సాహంగా లేచాడు.

"ఏ సౌండ్ కావాలి సార్? ఉరుమా, సింహమా, హెలికాప్టరా?"

"మా ఆయనకి నా మాట వినబడే సౌండ్ కావాలండి," అంది హైమావతి.

ఖలీల్ భాయ్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇన్నేళ్లలో ఆ మోడల్ ఎవరూ అడగలేదమ్మా. ఒక్కొక్కటే బిగించి చూద్దాం," అన్నాడు.

పరీక్ష మొదలైంది. ఆయన ఒకటి బిగిస్తాడు, నేను నడుపుతాను, హైమావతి వెనకనుంచి ఒక మాట అంటుంది, తిరిగొచ్చాక నేను అది అప్పజెప్పాలి. మూతి విచ్చుకున్న మెగాఫోన్ రకంలో నాకేమీ వినబడక అలవాటు ప్రకారం "ఆఁ" అన్నాను. "గ్యాస్ బండ చెప్పారా అని అడిగాను. చెప్పేశారన్నమాట!" అంది. చెప్పలేదు. పొట్టి బాటిల్ రకంలో "తమ్ముడు" అన్న ఒక్క మాట దొరికింది. వాళ్ల తమ్ముడి గురించి ఏ విషయమైనా నేను పూర్తిగా వినడం మంచిదని ఆవిడ దాన్నీ తీయించేసింది. చివరికి పొడుగు బాటిల్ రకం ఒకటి దించి, దానిలోపల జల్లెడలా చిల్లులున్న గొట్టం ఒకటి దూర్చి బిగించాడు ఖలీల్ భాయ్. సందు చివరికి వెళ్లేసరికి వెనకనుంచి మెల్లగా వినబడింది.

"మీ నీలం చొక్కా ఇస్త్రీలో కాలిపోయింది. మీకు చెప్పలేదు."

"ఏ నీలం చొక్కా? పోయిన పండక్కి కొన్నదా?" అని బండి ఆపేశాను.

హైమావతి మొహం వెలిగిపోయింది. "ఇదేనండీ. ఇదే బిగించెయ్యండి!"

నిజంగానే మంచి సైలెన్సర్. పక్కింట్లో ఎవరో తీరిగ్గా రోట్లో పప్పు దంచుకుంటున్నట్టు డుగ్గు డుగ్గుమని ఒకటే లెక్కగా మోగేది. వానలు మొదలైన మొదటి ఆదివారమే మారేడుమిల్లి అనుకున్నాం. అయితే డబ్బులు తీసుకుంటూ ఖలీల్ భాయ్ ఒక సలహా పారేశాడు.

"ఆ పాత సైలెన్సర్ మాత్రం ఇంట్లో ఉంచుకోకండి సార్. కొత్తాఫీసు వాళ్లు చూశారంటే మిమ్మల్ని కూడా రోలర్ కింద వేస్తారు."

కొత్తాఫీసు అంటే ధ్వని క్రమశిక్షణా విభాగం. బండ్ల చప్పుడు అణచడానికని ఆ మధ్యే వెలిసింది. ఊరంతటిలో నిశ్శబ్దంగా ఉండే చోటు కావాలని గ్రంథాలయం ఎంచుకున్నారు. జనరేటరు, మైకు సెట్టు, డప్పులు పెట్టుకోడానికి చోటు చాలక పుస్తకాలు ఖాళీ చేయించారు. నేను పాత సైలెన్సర్ చంకన పెట్టుకుని వెళ్లేసరికి ధ్వని క్రమశిక్షణాధికారి జొన్నాడ త్రిలోచనరావు గారు స్వయంగా లేచి నిలబడ్డారు.

"తమరు సదరు గొట్టమును ఎట్టి ఒత్తిడి లేకుండా, స్వచ్ఛందముగా ప్రభుత్వమునకు సమర్పించుచున్నారా?"

"ఆయ్, అంతేనండి."

"ఆదర్శ పౌరుడు! శనివారం మైదానంలో జరుగు సైలెన్సర్ల విధ్వంస మహోత్సవంలో తమకు సన్మానం. కూర్చోండి. అసలు ఈ శాఖ సిద్ధాంతం తమకు తెలుసునా?"

తెలియదన్నాను. ఆయన గోడ మీది బండి బొమ్మ దగ్గరికి వెళ్లి బెత్తంతో చూపించారు.

"బండి చప్పుడు ఎక్కడినుండి బయటకు వచ్చును?"

"సైలెన్సర్ చివరినుంచండి."

"అదీ! మరి సైలెన్సరే లేదనుకోండి?"

"అప్పుడు చప్పుడు ఇంకా..."

"రావడానికి దారియే ఉండదు!"

నేను కాస్త నీళ్లు నమిలి, చప్పుడు పుట్టేది ఇంజనులోననీ, సైలెన్సర్ దాన్ని తగ్గిస్తుందనీ, ఆ పేరు పెట్టింది కూడా అందుకేననీ వినయంగా మనవి చేశాను. త్రిలోచనరావు గారు నావైపు జాలిగా చూశారు.

"గంగరాజు గారూ! తమరు కళ్లద్దాల వారు. ఇది చెవులకు సంబంధించిన శాఖ."

శనివారం నాకు శాలువా కప్పారు. మహోత్సవం ఘనంగా జరిగింది. నాలుగు మూలలా మైకులు, రెండు జట్ల డప్పులు, మధ్యలో జాతీయ గీతం పాడాల్సిన పిల్లల ఏడుపు. ఊళ్లో కుర్రాళ్ల దగ్గర పట్టుకున్న గోల సైలెన్సర్లన్నీ నేలమీద పేర్చారు. నా పాతది అందరికీ కనబడేలా ముందు పెట్టారు. రోడ్డురోలర్ వచ్చి వాటిని అప్పడాలు చేసింది. జనం ఈలలు వేశారు. నేను కూడా చప్పట్లు కొట్టానని చెప్పడానికి మొహమాటం దేనికి? గోల చేసే గొట్టాలు పోయాయి, మంచిదే కదా అనుకున్నాను.

ఆ పని అక్కడితో ఆగిపోతే ఈ కథే లేదు. మా ఊరి ఫలితాలు చూసి రాజధానిలో పెద్దలు మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక ఊరుకుంటారా? మరుసటి నెలకి రెట్టింపు సైలెన్సర్లు తొక్కించాలని లక్ష్యం పెట్టారు. ఊళ్లో గోల సైలెన్సర్లు అప్పటికే అయిపోయాయి. త్రిలోచనరావు గారు రెండు రోజులు ఆలోచించి ఒక ఉత్తర్వు వేశారు.

"యావన్మంది ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, ప్రస్తుతము చప్పుడు చేయకపోయినను భవిష్యత్తులో చేయగలవని అనుమానము కలిగించు సైలెన్సర్లు కూడా స్వాధీనము చేసుకొనబడును."

దాంతో పొడుగువి, పొట్టివి, వెండి పూతవి అన్నీ పోయాయి. ఆపై నెల లక్ష్యం మళ్లీ పెరిగింది. ఈసారి ఉత్తర్వు ఇంకా లోతుగా ఉంది. చప్పుడు అసలే చేయని సైలెన్సర్లు తమ నైజమును కపటముగా దాచుకొనుచున్నవి గనుక అవి మరింత ప్రమాదకరమైనవని తేల్చారు. కంపెనీ నుంచి వచ్చిన మామూలు సైలెన్సర్లు, పాలవాళ్ల బండ్లవి, పంతులమ్మల స్కూటీలవి, ఆటోలవి కూడా మైదానం చేరాయి.

సైలెన్సర్ పీకేశాక బండి ఎలా మోగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఊళ్లో స్కూటీలు ట్రాక్టర్లలాగా, ట్రాక్టర్లు విమానాలలాగా మోగడం మొదలుపెట్టాయి. కానీ చట్టం చట్టమే. శిక్ష చప్పుడు చేసే సైలెన్సర్‌కి. లేని సైలెన్సర్ చప్పుడెలా చేస్తుంది? కూడలిలో కానిస్టేబుల్ ఒకరోజు భూమి దద్దరిల్లేలా వస్తున్న మోటారు సైకిల్‌ని ఆపి, కిందికి వంగి, అటూ ఇటూ తడిమి చూసి, సైలెన్సర్ లేదని రూఢి చేసుకుని, ఆ కుర్రాడికి సెల్యూట్ కొట్టి పంపడం నేను కళ్లారా చూశాను. కళ్లారా అన్నది జాగ్రత్తగా వాడుతున్నాను. అప్పటికి ఊళ్లో చెవులారా అన్న మాటకి అర్థం పోయింది.

నా దుకాణంలో కళ్ల పరీక్ష మూగాట అయిపోయింది. గోడ మీది అక్షరాలు పెద్దలు చదివేవారు, నాకు వినబడేది కాదు. పెదాలు కదిలితే చదివినట్టు, కదలకపోతే కనబడనట్టు. తమలపాకులు నములుతూ వచ్చిన ఒకావిడకి చూపు అమోఘమని చెప్పి పంపేశాను. ఆవిడ వీధి తలుపు అనుకుని నా బీరువా తెరిచి అందులోకి వెళ్లబోయింది.

ఫిర్యాదులకి ఆఫీసులో ఒక ఫోన్ పెట్టారు. జనం చేశారు. అవతలి గోలలో ఏమీ వినబడలేదు గనుక ఏ ఫిర్యాదూ నమోదు కాలేదు. ఫిర్యాదులు పూర్తిగా నిర్మూలించబడినవని నివేదిక వెళ్లింది. చప్పుడు కొలిచే యంత్రం ముల్లు చివరికంటా వెళ్లి అక్కడే అతుక్కుపోయింది. మునుపటిలా ఊగడం మానింది. "ధ్వని స్థిరత్వము సాధించబడినది," అని ఇంకో నివేదిక వెళ్లింది.

ఇంత జరుగుతున్నా మా సైలెన్సర్ మాత్రం క్షేమంగానే ఉంది. మొదటి ఉత్తర్వు వచ్చిన రోజే దాన్ని విప్పి, హైమావతి పాత చీరలో చుట్టి, అటక మీద ఇత్తడి గుండిగలో దాచాం. కానీ దాచిన సైలెన్సర్‌తో కొండెక్కలేం కదా. ఆదివారాలు ఒకటొకటే పోతున్నాయి. వానలు తగ్గుముఖం పడుతున్నాయి. బండి మీద మాట్లాడుకుందామని అంత పట్టుబట్టిన మనిషి, ఇంట్లో కూడా మాట వినబడక చెయ్యి చూపించి అన్నం, వేలు చూపించి నీళ్లు అనే దశకి వచ్చింది. కొన్నాళ్లకి ఆ సైగలు కూడా తగ్గించేసింది. వంటింట్లో తనలో తాను కూడా మాట్లాడుకోకుండా నిలబడ్డ హైమావతిని చూస్తే నాకు నిజంగా దిగులేసింది. ఆవిడ మాటలు తప్పించుకోడానికి నేను పడ్డ పాట్లు గుర్తొచ్చి ఇంకా దిగులేసింది.

అలాంటి ఒక సాయంత్రం త్రిలోచనరావు గారు మా ఇంటికి వచ్చారు. వస్తూనే తలుపులు మూశారు. కిటికీలు మూశారు. కిటికీ సందుల్లో నా శాలువా కుక్కారు. అప్పుడు గొంతు చించుకున్నారు.

"ఆదివారం రాజధాని నుండి కమిషనర్ గారు విచ్చేయుచున్నారు! మన పట్టణమును నిశ్శబ్ద నగరముగా ప్రకటించుచున్నారు! వారి సమక్షమున ఆఖరి సైలెన్సర్‌ను తొక్కించవలెను!"

"చాలా సంతోషమండి!" అని నేనూ అరిచాను.

"సైలెన్సర్ లేదు! మా సిబ్బంది అత్యుత్సాహముతో పోయిన వారమే మొత్తము తొక్కించేశారు! ఊళ్లో ఒక్కటి మిగిలినది. అది తమ వద్ద ఉన్నది!"

నా గుండె అటక మీదికి ఎగిరింది. ఎలా తెలిసిందో అడగక్కర్లేకుండా ఆయనే విప్పి చెప్పారు. పాతది సమర్పించిన మనిషి కొత్తది కొని ఉండాలి. ఆ కొత్తది మైదానానికి రాలేదు.

హైమావతి కాఫీ తెచ్చి పెట్టింది. ఆయన గ్లాసు ముట్టుకోలేదు. కాసేపటికి ఆయన ఉత్తర్వుల భాష కూడా జారిపోయింది.

"అమ్మా, నా ప్రమోషను దీని మీదే ఉందమ్మా. ఖాళీ నేల మీద రోలర్ నడిపిస్తే కమిషనర్ గారి ముందు పరువు పోతుంది. ఆ ఒక్కటీ ఇప్పించమ్మా."

ఆయన్ని చూస్తే జాలేసింది. ఒకసారి శాలువా కప్పించుకున్న వాడికి కాదనడం కష్టం. నేను స్టూలు తెచ్చి అటక కింద వేశాను. ఎక్కబోతుంటే హైమావతి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగండి. ఊళ్లో ఆఖరి సైలెన్సర్ మాది కాదండీ."

"మరి ఎవరిదమ్మా?"

"మీ రోడ్డురోలర్‌ది."

త్రిలోచనరావు గారు ఆవిడవైపు తిరిగారు.

"మా వారికి సన్మానం చేసిన రోజు నేను మైదానంలోనే ఉన్నానండి. ఆ రోలర్ నెత్తిమీద నిటారుగా గొట్టం ఉంది. పొగా, చప్పుడూ అందులోంచే వస్తున్నాయి. అదేమిటి మరి? మీ సిద్ధాంతం ప్రకారం అది కూడా తియ్యాల్సిందే కదండీ?"

ఆయన కళ్లలో మొదట భయం, తర్వాత ఆలోచన, ఆపైన పట్టరాని ఆనందం వరసగా కనబడ్డాయి.

"ప్రభుత్వ వాహనమే స్వయముగా తన సైలెన్సర్‌ను త్యాగము చేసి, తన చక్రముల కిందనే వేసుకొని..." ఆయన రుమాలుతో కళ్లు ఒత్తుకున్నారు. "ఇది దేశమునకే ఆదర్శమమ్మా!"

"అయితే ఆదివారం ఊరంతా మైదానంలోనే ఉంటారన్నమాట?" అని అడిగింది హైమావతి, ఏమీ ఎరగనట్టు.

"యావన్మందీ!"

ఆయన కాఫీ తాగకుండానే పరిగెత్తారు. హైమావతి ఆ గ్లాసు నా చేతికిచ్చి, స్టూలు వైపు చూపించి, "ఇప్పుడెక్కండి. దింపండి," అంది.

ఆదివారం పొద్దున్నే ఖలీల్ భాయ్ మా పెరట్లోకి వచ్చి, మూట విప్పి, సైలెన్సర్‌ని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బిగించాడు. పూరీలు, బంగాళాదుంప కూర సంచిలో పెట్టుకుని బయల్దేరాం. మైదానం పక్కనుంచే వెళ్లాలి. ఎవరైనా ఆపుతారేమోనని అటూ ఇటూ చూస్తూ నడిపాను. ఎవరూ మావైపు చూడలేదు. గొట్టం పీకించుకున్న రోడ్డురోలర్, దశాబ్దాలుగా లోపల దాచుకున్నదంతా ఒకేసారి బయటపెడుతున్నట్టు భూమి బద్దలయ్యేలా అరుస్తూ, తన గొట్టం మీదికి తానే నడిచింది. గొట్టం అప్పడమైంది. వేదిక మీద పందిరి గుంజలు ఊగాయి. కమిషనర్ గారు మైకు ముందు రెండు చేతులూ చాచి ఏదో ప్రకటించారు. నిశ్శబ్ద నగరమనే అయి ఉంటుంది. పెదాలు కదలడం మాత్రమే కనిపించింది. త్రిలోచనరావు గారు రుమాలు ఊపగానే జనం చప్పట్లు కొట్టారు. అవీ వినబడలేదు.

ఊరి పొలిమేరలో కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపాడు. సైలెన్సర్ ఉన్న బండి ఊరు దాటకుండా చూడమని అక్కడ పెట్టారు. అతను చెవికి చెయ్యి ఆనించి విన్నాడు. ఇన్ని నెలల గోలకి అలవాటుపడ్డ ఆ చెవికి మా డుగ్గు డుగ్గు అసలు ఆనలేదు.

"పెట్రోలు అయిపోయిందా గురువుగారూ?" అని జాలిగా అడిగాడు. నేను ఏమీ అనకముందే వెనక్కి వెళ్లి, "కొంచెం దూరంలోనే బంకు ఉందండి. అమ్మగారూ, గట్టిగా పట్టుకోండి," అని బండిని తోశాడు. నేను మెల్లగా యాక్సిలరేటర్ తిప్పాను. తన బలానికి తానే మురిసిపోతూ అతను చెయ్యి ఊపాడు.

రంపచోడవరం దాటాక రోడ్డు అడవిలోకి మలుపు తిరిగింది. రెండు పక్కలా వెదురు పొదలు, తడిసిన రాళ్ల మీద నీళ్ల చారలు. ఊరి రొద చెవుల్లోంచి పూర్తిగా దిగిపోడానికి చాలా దూరం పట్టింది. దిగాక మొదట వినబడింది మా బండి. తర్వాత ఏవో పిట్టలు. తర్వాత హైమావతి.

"ఏవండీ, వినబడుతోందా?"

"ఆఁ."

"నిజంగానా?"

"నిజంగానా అన్నావు. వినబడింది."

ఒక మలుపు దాటాక అంది. "స్కూటర్ మీద నేను చెప్పినవేవీ మీకు వినబడలేదు కదూ?"

బ్రేకు మీద నా కాలు దానంతటదే పడింది. ఇక అబద్ధమాడి లాభం లేదు. "లేదు," అన్నాను.

"నాకు తెలుసు."

"తెలిసి కూడా అంతసేపు మాట్లాడేదానివా?"

"తెలిసే మాట్లాడేదాన్ని. మీ అక్కయ్యగారి గురించి, మీ మొండితనం గురించి, ఆ కొత్తలో నాకెంత బెంగగా ఉండేదో దాని గురించి. ఇంట్లో అంటే గొడవైపోతుంది. స్కూటర్ మీద ఎంత తిట్టినా మీరు ఆఁ, ఆఁ అంటూ వచ్చేవారు. ఎంత హాయిగా ఉండేదనుకున్నారు!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి ఇప్పుడు నీ మాట వినబడే సైలెన్సరే కావాలని అంత పట్టు ఎందుకు పట్టావు?"

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. "తిట్టాల్సినవన్నీ అప్పుడే తిట్టేశానండీ. మిగిలినవన్నీ మంచి మాటలే."

"చెప్పు," అన్నాను.

ఘాటు పొడుగునా చెప్పింది. అవి ఇక్కడ రాయను. ఇన్నాళ్లూ ఇవన్నీ ఎక్కడ దాచిందా అని మాత్రం ఆశ్చర్యపోయాను. కళ్లు మసకబారి ఒకచోట బండి ఆపి కళ్లద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. మంచు పట్టిందన్నాను. ఆవిడ నమ్మినట్టు నటించింది.

రెండు రోజులు అక్కడే ఉండి, మూడోనాడు మెల్లగా తిరిగొచ్చాం. ఊరు యథాప్రకారం అరుస్తోంది. మా వీధి మలుపు తిరిగేసరికి బండి చక్రాలు నీళ్లలో దిగాయి. వానేమీ పడలేదు. చూస్తే వీధి కుళాయిల గొట్టాల్లోంచి నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. ఒక గొట్టానికీ కుళాయి లేదు. మా గుమ్మం ముందు కొత్త బోర్డు: "కుళాయి రహిత వీధి. నీటి పొదుపునకు సహకరించిన ప్రజలకు అభినందనలు." దాని పక్కనే, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, మెడలో పూలదండతో త్రిలోచనరావు గారు నిలబడి ఉన్నారు. ప్రమోషను వచ్చిందట. ఇప్పుడు తాగునీటి పొదుపు శాఖ మొత్తం ఆయన చేతికింద ఉంది. ఆయన మనుషులు కుళాయిలు విప్పే పానాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మైదానంలో రోడ్డురోలర్ కుళాయిల కోసం ఎదురుచూస్తోందని ఆ అరుపే చెబుతోంది.

నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. చంకలోని శాలువా విప్పుతూ, నీళ్లలో అడుగులు వేసుకుంటూ దగ్గరికొచ్చి, నా చెవిలో నోరు పెట్టి అరిచారు.

"గంగరాజు గారూ! నీళ్లు వృథాగా కారేది ఎక్కడినుండి?"

వెనక సీటు మీదనుంచి, దిగకుండానే, హైమావతి మామూలు గొంతుతో అంది.

"ఏవండీ, బండి వెనక్కి తిప్పండి."

"ఆఁ," అన్నాను. ఈసారి విని అన్నాను.